ఫ్యాను ఆపనన్న సంగతి

కెన్యావాళ్ళు నలుగురు ఒకచోట చేరారంటే ముందు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు, ఆ తర్వాతే కుర్చీలు వేసుకుంటారు. ఎగతాళికి అంటున్న మాట కాదిది, పన్నెండేళ్ళుగా కళ్ళారా చూస్తున్నాను. సియాటిల్‌కి దక్షిణాన, పెద్ద రోడ్డు పక్కన వరసగా ఆరు షాపులున్న చోట గోళ్ళకి రంగులేసే మా నెయిల్ షాపు ఉంది. దానికి ఆనుకునే కెరూబో నడిపే హోటలు. మధ్యలో ఒకటే గోడ.

ఆదివారం వస్తే చాలు, వాళ్ళ సంఘం ఆ హోటల్లో చేరుతుంది. ముప్పై నలభై మంది ఉంటారు. మూడింటికన్న మీటింగు నాలుగున్నరకి మొదలవుతుంది. ముందు ప్రార్థన. తర్వాత పోయినవాళ్ళ పేర్లు చదివి ఒక నిమిషం మౌనం. ఆ తర్వాత కిందటి వారం ఏం జరిగిందో రాసుకున్న మినిట్స్ చదవడం, అవి సరిగ్గానే ఉన్నాయని ఒకరు ప్రతిపాదించడం, ఇంకొకరు బలపరచడం. పాలు పోసి మరిగించిన టీ అప్పటికే రెండు విడతలు అయిపోతుంది. అసలు విషయం మాత్రం ఇంకా గుమ్మం బయటే ఉంటుంది.

"ఏమే కెరూబో, టీలో పంచదార ఎంత వెయ్యాలో కూడా ఓట్లు వేసుకుంటారా మీరు?" అని అడిగాను ఓసారి.

"అది పోయినేడే తేలిపోయింది హాన్ అమ్మా. దానికి సబ్‌కమిటీ వేశాం," అంది నవ్వకుండా.

హాన్ నా కూతురు. కెన్యావాళ్ళు తల్లిని బిడ్డ పేరుతోనే పిలుస్తారట. నా పేరు లాయి అని కెరూబోకి తెలుసు, కానీ ఈ పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు.

మేం వియత్నాంవాళ్ళం అలా కాదు. మాకు పనుంటే మాటుండదు. ఈ ఫిబ్రవరిలో కెరూబో హోటల్లో పైపు పగిలి నేలంతా పాడైపోయింది. సంఘంవాళ్ళు ఏం చేశారు? మీటింగు పెట్టారు. ఆ మీటింగులో విచారం వ్యక్తం చేశారు. నేను మా తమ్ముడు థువాన్‌కి ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్పాను. వాడు మర్నాడు తెల్లారకుండానే ఇద్దరు బావమరుదుల్ని, సిమెంటు బస్తాల్ని వేసుకుని వచ్చి పాత నేల పగలగొట్టడం మొదలెట్టాడు. కెరూబో వచ్చి చూసేసరికి ముగ్గురూ దుమ్ములో మునిగి ఉన్నారు. తన పనులు చూసుకుంటూ, దొరికిన పూటల్లా వచ్చి మూడు వారాల్లో కొత్త నేల వేసేశాడు. కెరూబో వాడి చేతులు పట్టుకుని ఏడ్చేస్తే వాడికేం చెయ్యాలో తోచక, "గచ్చు ఇంకా ఆరలేదు, తొక్కకండి," అన్నాడట. అదీ మా వాళ్ళ ప్రసంగం.

ఆ మూడు ఆదివారాలూ వాళ్ళ మీటింగు మా షాపు వెనక గదిలో జరిగింది. నేను ముందు గదిలో నా పని నేను చేసుకున్నాను. ఆదివారం షాపు మూసే అలవాటు నాకు లేదు. మా కొత్త సంవత్సరం నాడు కూడా సగం రోజు తీస్తాను. ఒకసారి వాళ్ళ అధ్యక్షుడు ఒండియేకి మాస్టారు వచ్చి, "అమ్మా, ఆ ఫ్యాను కాస్త ఆపుతారా? నా మాట ఎవరికీ వినబడడం లేదు," అన్నారు. కుదరదన్నాను. మళ్ళీ వచ్చి అడిగారు. మళ్ళీ కుదరదన్నాను. కస్టమర్లు కూర్చుని ఉంటే, రంగు తుడిచే ఎసిటోన్ వాసన గుప్పుమంటుంటే ఫ్యాను ఆపి ఉపన్యాసం వినమంటారా నన్ను!

ఆ మాస్టారి గురించి చెప్పాలి. కెన్యాలో ఆయన హైస్కూలు హెడ్మాస్టరు. ఇక్కడ వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయిస్తారు. ఆ స్నానాలకి వెళ్ళేటప్పుడు కూడా టై కట్టుకునే వెళ్తారు. కెరూబో సంగతీ అంతే. మూడు రాత్రులు ఆసుపత్రిలో నర్సు, మిగతా రోజులు హోటల్లో పొయ్యి దగ్గర. హోటలు గోడ మీద ఆమె డిగ్రీలు రెండు అద్దాల్లో ఉంటాయి. ఆ అద్దాలు రోజూ తుడుస్తుంది. ఆ చదువు, ఆఫీసు మనుషుల కళ్ళలోకి సూటిగా చూసి మాట్లాడే ఆ ఇంగ్లీషు చూస్తే నాకు మెచ్చుకోలు, కుళ్ళు రెండూ కలిగేవి. కుళ్ళు పైకి వచ్చేది, మెచ్చుకోలు లోపల ఉండిపోయేది.

మా హాన్ యూనివర్సిటీలో చదువుతోంది. మా చుట్టుపక్కల ఉన్న కెన్యా కుటుంబాల్ని, వియత్నాం కుటుంబాల్ని పోల్చి ఏదో పెద్ద వ్యాసం రాస్తోంది. ఇంటింటికీ తిరిగి అడిగి పట్టిక వేసింది. ఒక సాయంత్రం వంటింట్లో నేను చేపల పులుసు కలుపుతుంటే కంప్యూటరు తెచ్చి చూపించింది.

"ఇదిగో, చదువు గడిలో వాళ్ళు పైన ఉన్నారు, మనం కింద. ఇంగ్లీషూ అంతే. సొంత ఇల్లు గడికొచ్చేసరికి మనం పైన, వాళ్ళు చాలా కింద. సొంత వ్యాపారంలోనూ మనమే."

"అయితే గెలిచింది మనమేగా?"

"పందెమా ఏంటమ్మా ఇది?"

"పందెం కాకపోతే గడులెందుకే? చూడు, మనం మూడు కుటుంబాలవాళ్ళం ఒకే కప్పు కింద ఇరుక్కుని పడుకుని ఈ ఇల్లు కొన్నాం, తర్వాత మీ మామయ్య ఇల్లు కొన్నాం. వాళ్ళు నెలనెలా ఎవరి శవాన్నో ఊరికి పంపడానికి చందాలు వేసుకుంటూ కూర్చుంటారు. చచ్చినవాళ్ళు విమానంలో వెళ్తారు, బతికినవాళ్ళు అద్దెకొంపల్లో ఉంటారు. ఇది కూడా రాసుకో."

"నువ్వు చెప్పినట్టే రాస్తానులే. కింద నీ పేరు వేస్తా," అంది హాన్.

సరిగ్గా ఆ వారంలోనే లైసెన్సు ఆఫీసు నుంచి మూడో కాగితం వచ్చింది.

మొదటి కాగితం మార్చి మొదట్లో వచ్చింది. షాపులోంచి రంగుల వాసన షాపుల పైనున్న ఇళ్ళలోకి వెళ్తోందని ఎవరో ఫిర్యాదు చేశారు. అది నిజమే, వాసనని బయటికి లాగే పాత ఫ్యాను పాడైపోయింది. జరిమానా కట్టేశాను. ఆ వారంలోనే థువాన్ ఇంతలావు కొత్త ఫ్యాను తెచ్చి బిగించాడు. ఏప్రిల్లో రెండో కాగితం వచ్చింది. ఈసారి తప్పు నాది కాదు, ఆ వాసన మా వెనక కార్లకి రంగులేసే షెడ్డుది. అయినా మాట్లాడకుండా కట్టేశాను. ఇప్పుడు జూన్‌లో మూడోది. మొదటి నోటీసు తర్వాత కూడా నేను ఏ మార్పూ చెయ్యలేదట. రెండోది కట్టానంటే తప్పు ఒప్పుకున్నట్టేనట. లైసెన్సు ఎందుకు రద్దు చెయ్యకూడదో రెండు వారాల్లో విచారణకి వచ్చి చెప్పుకోవాలట.

హాన్ ఆ కాగితం చదివి కుర్చీలో కూలబడింది. "రెండోది ఎందుకు కట్టావమ్మా? ఎవరు కట్టమన్నారు నిన్ను? నాతో ఒక్క మాటన్నా చెప్పలేదే!"

ఎవరు కట్టమన్నారని చెప్పను? మా నాన్న. నాకు పదకొండేళ్ళప్పుడు, యుద్ధం అయిపోయాక, గెలిచినవాళ్ళు ఆయన్ని ఆఫీసుకి రమ్మన్నారు. నెలకి సరిపడా బట్టలు, బియ్యం తెచ్చుకోమన్నారు. అటునుంచటే నిర్బంధ క్యాంపులో పెట్టారు, ఆరేళ్ళకి తిరిగొచ్చారు. వచ్చిన మనిషి పళ్ళు సగం లేవు. ఆయన మాకు చెప్పిన చదువల్లా ఒక్కటే. ఆఫీసులో నోరు విప్పొద్దు. అవునా అంటే అవునను, కట్టమంటే కట్టు, బయటికి రా. ఊరుకున్నంత ఉత్తమం లేదు. ఈ దేశానికి వచ్చి చేపల ఫ్యాక్టరీలో పదమూడేళ్ళు చేశారు. అక్కడ ఆయన పేరు పలకడం కష్టమని బెన్ అని పిలిచేవాళ్ళు. ఆయన దానికీ తల ఊపారు. బెన్‌గానే రిటైరయ్యారు, బెన్‌గానే పోయారు.

"కొత్త ఫ్యాను కొన్న రశీదైనా ఉందా?" అంది హాన్.

"అక్కాతమ్ముళ్ళ మధ్య రశీదులేంటే? మీ మామయ్య స్నేహితుడి దగ్గర తెచ్చాడు, బిగించాడు, అన్నం తిని వెళ్ళాడు."

"అంటే మార్చిలోనే పెట్టామనడానికి ఒక్క కాగితం ముక్క కూడా లేదు."

లేదు. ఇరవై ఏళ్ళ షాపు, ఎనిమిది మంది ఆడవాళ్ళ కూడు, ఒక్క కాగితం ముక్క లేదు. నేను మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా గోళ్ళకి రంగులేస్తూ కూర్చున్నాను. ఒకసారి ఎర్ర రంగు అడిగినావిడకి గులాబీ రంగు వేసేశాను. ఆవిడే జాలిపడి, "ఇదీ బాగుందిలే," అంది.

నాలుగో రోజు కెరూబో చేతికి పిండితోనే మా షాపులోకి దూసుకొచ్చింది. హాన్ చెప్పేసిందన్నమాట.

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నావు కదమ్మా! ఏప్రిల్లోనే గోడ మీద రెండు దెబ్బలు కొడితే నేను రాకపోదునా?"

"మా ఇంటి గుట్టు నీకెందుకే?"

"గుట్టంట గుట్టు! ఆదివారం మీటింగులో పెడుతున్నా."

"నా మీద కమిటీయా?" నాకు ఒళ్ళు మండిపోయింది. "నేనింకా చావలేదే! నన్ను ఎక్కడికి పంపడానికి కమిటీ?"

ఆదివారం ఒండియేకి మాస్టారు అదే మాట పట్టుకున్నారు. "మనిషి చావకముందే మన సంఘం కమిటీ వెయ్యడం ఇదే మొదటిసారి. హాన్ అమ్మగారు సంతోషించాలి," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మూలన కూర్చుని పళ్ళు నూరుకుంటున్నాను. ప్రార్థన అయింది, మౌనం అయింది, టీ అయింది. నా లైసెన్సు కోసం అధ్యక్షుడు, కోశాధికారి, రవాణా బాధ్యుడు ఎన్నికయ్యారు. రవాణా ఎందుకయ్యా, ఆఫీసు పది నిమిషాల దూరమే కదా అంటే ఎవరూ వినలేదు.

అప్పుడు కెరూబో లేచింది. సంఘం కార్యదర్శి ఆమే. అట్టలు నలిగిన లావుపాటి పుస్తకం తెరిచి, "మార్చిలో మనం హాన్ అమ్మ షాపులో మూడుసార్లు కూర్చున్నాం కదా. ఆ మినిట్స్ చదువుతాను," అంది. హాజరైనవారి పేర్లు చదివింది. చపాతీల సంఖ్య చదివింది. ఎవరో ముసలాయన మోకాలి ఆపరేషను సంగతి చదివింది. నాకు కునుకు పట్టేలా ఉంది. ఉన్నట్టుండి ఆమె గొంతు మారింది.

"మార్చి పదిహేడు, ఆదివారం. ఏడో అంశం. షాపులో కొత్తగా బిగించిన ఫ్యాను మోత వల్ల అధ్యక్షుల ప్రసంగం సభ్యులకు వినబడలేదు. ఫ్యాను ఆపవలసిందిగా యజమానురాలిని రెండుసార్లు కోరడమైనది. యజమానురాలు నిరాకరించారు. ఇందుకు సభ విచారం వ్యక్తం చేసింది."

గది ఒక్కసారిగా గొల్లుమంది. మాస్టారు మాత్రం నవ్వలేదు. "కింద నా సంతకం ఉందా?" అన్నారు.

"ఉంది మాస్టారూ. నాదీ ఉంది. తేదీ ఉంది. హాజరైన ముప్పై ఆరుగురి పేర్లున్నాయి."

నేను లేచి ఆ పుస్తకం దగ్గరికి వెళ్ళాను. ఇంగ్లీషు సరిగ్గా చదవలేను గానీ తేదీ చదవగలను. పన్నెండేళ్ళు నేను నవ్విన పుస్తకం అది. సిగ్గుతో నా ముఖం వేడెక్కిపోయింది. ఆ సిగ్గులోనే, ఓరి నాయనో, ఎంత గొప్ప మనుషులురా వీళ్ళు అనిపించింది. మేం పని చేసి మర్చిపోతాం. వీళ్ళు మరిచిపోరు. నేను చేసిన పెంకితనాన్ని కూడా జాగ్రత్తగా దాచిపెట్టారు.

విచారణ నాడు ఆ చిన్న గది సరిపోలేదు. కోట్లు, టైలు, రంగు తలగుడ్డలు గోడల పొడుగునా నిలబడ్డాయి. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్ళు నర్సు బట్టల్లోనే ఉన్నారు. ఆశ్చర్యమేమిటంటే అందరూ టైముకే వచ్చారు. మా వాళ్ళు థువాన్, ఇద్దరు బావమరుదులు తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్ళని చూస్తే ఏదో సామాను మొయ్యడానికి వచ్చినట్టున్నారు.

విచారణ జరిపే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మినిట్స్ చదివింది. మాస్టారు లేచి, తాను సంఘం అధ్యక్షుడినని, ఆ రోజు తన ప్రసంగం పాడైన మాట నిజమని, ఆ బాధ తనకింకా తీరలేదని చెప్పారు. కెరూబో లేచి తేదీలన్నీ వరసగా, కంచంలో అన్నం వడ్డించినంత తేలిగ్గా పెట్టింది. వాళ్ళ మాట వింటుంటే నాకు గర్వమేసింది. సొంత అక్కచెల్లెలు మాట్లాడితే కలిగే గర్వం అది.

"బాగానే ఉంది," అంది ఆవిడ. "కానీ ఒక సందేహం. ఫ్యాను మార్చిలోనే బిగించి ఉంటే ఏప్రిల్ జరిమానా ఎందుకు కట్టారు?"

హాన్ లేవబోయింది. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "యజమానురాలు చెప్పాలి. మెల్లగానే చెప్పండి, తొందరలేదు."

అది ఆఫీసు. బల్ల అవతల అధికారి. తల ఊపి, అవునని, బయటికి వచ్చేయాలనిపించింది. తల ఊపితే షాపు పోతుందని తెలుసు, అయినా ఊపాలనే అనిపించింది. వెనక్కి చూశాను. నలభై మంది నా నోటి వైపే చూస్తున్నారు. కెరూబో పుస్తకం తెరిచి కలం పట్టుకుని ఉంది. అక్కడ కూడా మినిట్స్ రాస్తోంది, మహాతల్లి.

లేచి నిలబడ్డాను. నా ముక్కల ఇంగ్లీషులోనే చెప్పాను.

"ఫ్యాను ఆపలేదు. మాస్టారు రెండుసార్లు అడిగారు. నేనే ఆపనన్నాను." మాస్టారి వైపు వేలు చూపించాను. "ఏప్రిల్లో డబ్బు కట్టింది తప్పు చేసి కాదు. భయపడి కట్టాను. మా నాన్న ఆఫీసుకి వెళ్తే ఆరేళ్ళు ఇంటికి రాలేదు. అందుకని నాకు ఆఫీసంటే భయం. ఇప్పుడు కూడా భయంగానే ఉంది. కానీ తప్పు నాది కాదు."

అని కూర్చుండిపోయాను. యాభై అయిదేళ్ళకి మొదటిసారి ఒక అధికారి ముందు కాదు అన్న మాట అన్నాను. థువాన్ తలుపు వైపు తిరిగి ముఖం తుడుచుకుంటున్నాడు.

ఆవిడ చాలాసేపు ఏదో రాసుకుంది. ఏప్రిల్ నోటీసు, జూన్ నోటీసు రెండూ కొట్టేసింది. షాపు నిలబడింది. కెన్యావాళ్ళు ఆ గదిలోనే పాట అందుకోబోతే మాస్టారు, "ఇంకా సభ ముగియలేదు," అని కసిరారు.

బయటికొచ్చాక హాన్ నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నా పట్టికలో దీనికి గడి లేదు."

"గడి లేకపోతే వెయ్యి. చదువుకున్నావు కదా," అన్నాను.

మరుసటి ఆదివారం మీటింగు మా షాపులోనే పెట్టుకోమన్నాను. మూడింటికి షాపు మూసేశాను. ఇరవై ఏళ్ళలో ఆదివారం పూట మూయడం అదే మొదలు. వాళ్ళు ఎప్పట్లాగే నాలుగున్నరకి వచ్చారు. ఆ గంటన్నర నేను కుర్చీలు తుడుచుకుంటూ వాళ్ళని తిట్టుకుంటూనే ఉన్నాను. కెరూబో నన్ను కొత్త సభ్యురాలిగా ప్రతిపాదించింది. నలభై మంది బలపరిచారు.

ప్రార్థన అయ్యాక మాస్టారు నా దగ్గరికి వచ్చి వంగి, "అమ్మా, పోయినవాళ్ళ పేర్లు చదువుతాం కదా. మీవాళ్ళ పేరు ఏదైనా చేర్చమంటారా?" అని అడిగారు.

చెప్పాను. ఆయన పలకబోతే తప్పొచ్చింది. మళ్ళీ చెప్పించుకున్నారు. మూడోసారికీ కుదరలేదు. బెన్ అంటే సరిపోతుందిలెండి అనబోయాను గానీ ఆయన టై సర్దుకుని నాలుగోసారి అడిగారు. హెడ్మాస్టరు కదా, పిల్లల పేర్లు తప్పు పిలిచే రకం కాదు.

నేను వెళ్ళి ఫ్యాను ఆపేశాను.

మాస్టారు పేర్లు చదివారు. అన్నీ కెన్యా పేర్లు. చివరికి వచ్చి ఆగి, ఊపిరి తీసుకుని, "లే దిన్ ఖ్వే," అన్నారు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. నలభై మంది లేచి తలలు వంచుకుని నిలబడ్డారు. ఆ నిమిషం అంతా నేను ఏడుస్తూనే ఉన్నాను.

కూర్చున్నాక కెరూబో పుస్తకం నా ముందుకు జరిపి, మీ నాన్నగారి పేరు సరిగ్గా రాశానా చూడమంది. సరిగ్గానే రాసింది. పక్కన తేదీ కూడా వేసింది.